వేలు, కన్ను, గొంతు

జనవరి 9. వాతావరణం: చలి, ఎండ. ప్రయాణికులు: 412. బయల్దేరడంలో ఆలస్యం: 0 సెకన్లు. విశేషాలు:

విశేషాలకు ఈ పుస్తకంలో రోజుకి పద్నాలుగు గీతలు ఇచ్చారు. నేను అంచుల్లో కూడా రాస్తాను. చదివేవాడు లేడు కదా.

జపాన్ దేశపు మిసాగోదై స్టేషన్‌లో బండ్లు నడిపేది యంత్రం, టికెట్లు చూసేది యంత్రం, నేల తుడిచేది యంత్రం. మనిషిని నేనొక్కడినే. బీమా కంపెనీవాళ్లు రెండు విషయాల్లో మొండికేశారట: ప్లాట్‌ఫారం మీద ఒక మనిషి గొంతు ఉండాలి, రోజూ ఒక మనిషి చేతిరాత ఉండాలి. ఏ భాషలో ఆలోచిస్తామో ఆ భాషలోనే రాయాలట, అప్పుడే అబద్ధం కలవదట. సామర్లకోటలో ఐటీఐ రెండో ఏడాది తప్పిన తాతపూడి వీరభద్రం తెలుగులో కాక ఇంకెందులో ఆలోచిస్తాడు? ఆరేళ్లలో ఏడు పుస్తకాలు నింపి పెట్టెలో పడేశాను. మూడోదాంట్లో నాలుగు పేజీలు గోంగూర పచ్చడి ఎలా నూరాలో రాశాను. ఎవరూ కిక్కురుమనలేదు.

మాది పడక ఊరు. మహానగరంలో పగలంతా పని చేయనిస్తారు గానీ రాత్రి పడుకోనివ్వరు. అక్కడ నిద్రపోవడానికి అనుమతిపత్రం కావాలి, అది పెద్దవాళ్లకే దొరుకుతుంది. మిగతావాళ్లు డెబ్బై నిమిషాలు రైల్లో వచ్చి ఇక్కడ పడుకుని, తెల్లారగానే వెళ్లిపోతారు. అరవై రెండు అపార్టుమెంటు బ్లాకులు, ఒకటే ఎత్తు, ఒకటే రంగు, గోడల మీద ఏనుగంత అంకెలు. చాలా ఇళ్లు ఖాళీ. ఖాళీ ఇళ్లలో కూడా సాయంత్రం ఐదున్నరకి దీపాలు వాటంతటవే వెలుగుతాయి, పరదాల వెనక నీడలు అటూ ఇటూ తిరుగుతాయి. బండి దిగినవాళ్లకు దిగులు పుట్టకుండా ఊరివాళ్లు చేసిన ఏర్పాటు.

నా పని చెప్తాను. జనం ఎక్కాక పసుపు గీత దగ్గర నిలబడి, చెయ్యి నిటారుగా చాపి, ఎడమవైపు వేలు చూపించి "ఎడమ, యోషి" అనాలి. తర్వాత కుడి. తర్వాత తలుపులు. యోషి అంటే అంతా సవ్యంగా ఉందని. తలుపుల్లో లావుపాటిది ఇరుక్కుంటే యంత్రానికి తెలుస్తుంది. సంచి పట్టీ, గొడుగు కర్ర లాంటి సన్నటివి తెలియవు. వాటి కోసమే నేను. నా గొంతు విన్నాకే బండి కదులుతుంది.

నేర్పింది కుసునోకి-సాన్. ఇదే ప్లాట్‌ఫారం మీద ముప్పై ఎనిమిదేళ్లు ఈ పనే చేసి, నాకు అప్పగించి రిటైరైంది. ఇప్పుడు డెబ్బై ఒకటి. అయినా అలవాటు కొద్దీ రోజూ ఏడింటికల్లా చీపురు పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి దిగుతుంది. "వేలు, కన్ను, గొంతు, మూడూ ఒక్కచోటే ఉండాలి బద్రో-సాన్. ఒకటి పక్కకి పోయినా మనిషి పోతాడు," అని మొదటిరోజే చెప్పింది. నా పూర్తి పేరు ఆవిడ నోటికి పట్టదు; సాన్ అంటే గారు.

మూడు వారాలకే నాకు విసుగొచ్చింది. ఎడమవైపు ఠీవిగా వేలు చూపించి "నీ దుంపతెగ, యోషి" అన్నాను. కుడివైపు "నీ జిమ్మడ, యోషి". తలుపులకి "నీ మొహం మండ, యోషి". టైలు కట్టుకున్న నాలుగొందల మంది పెద్దమనుషులు నా తిట్లు విని, నాకే తలవంచి నమస్కారం పెట్టి ఉద్యోగాలకు పోతుంటే, అబ్బ, ఆ సుఖం రాస్తే రాదు. కుసునోకి-సాన్ "అదేమిటి?" అంది. "మా దేశంలో రైల్వేవాళ్లు ఇలాగే అంటారండి," అన్నాను. ఆవిడ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది.

ఆరేళ్లుగా అదే పిలుపు.

జనవరి 17. మబ్బు. 409. ఆలస్యం: 0.

కిందటి నవంబరులో కొత్త యంత్రం పెట్టారు. ఇది చెప్పింది చేసే రకం కాదు, చూసి నేర్చుకునే రకం. ఆరేళ్ల నా రికార్డింగులన్నీ దీనికి తాగించారు. దీనికి బావ అని పేరు పెట్టాను, ఎంత వెక్కిరించినా పడుతుందని.

ఈ మధ్యాహ్నం కుసునోకి-సాన్ ముల్లంగి ఇస్తానంటే తొమ్మిదో బ్లాకులో వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరం బయటికి బయల్దేరే ముందు ఆవిడ గ్యాసు పొయ్యి వైపు చెయ్యి చాపింది. "నీ దుంపతెగ, యోషి." కిటికీ వైపు చాపింది. "నీ జిమ్మడ, యోషి." ఉచ్చారణ నాకన్నా స్పష్టం. నేను తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది.

"తప్పుగా అన్నానా?"

"లేదండీ, లేదు! మా ఊళ్లో కూడా ఇంత బాగా అనరు."

"యోషి ఒక్కటే అయితే నోరు అలవాటుగా అనేస్తుంది, కన్ను చూడదు. మీ మాట కొత్తది కదా, అంటున్నప్పుడు కన్ను మేలుకుంటుంది." చెప్పులు తొడుక్కుంటూ అడిగింది, "దానికి అర్థం ఏమిటి?"

"దేవుడి దయ వల్ల అందరూ క్షేమంగా చేరాలి అని."

ఆవిడ ఆ ముక్క కూడా రాసుకుంది.

జనవరి 30. గాలి. 398. ఆలస్యం: 0.

బండి ఆగి ఉంది. కూల్‌డ్రింకుల యంత్రం మీద కూర్చుని ఒక కాకి ఎవరిదో రొట్టె పొట్లం చీలుస్తోంది. చెయ్యి చాపి "నీ దుంపతెగ, ఫో!" అన్నాను. తలుపులు మూసుకుని బండి వెళ్లిపోయింది. యోషి అనలేదు, అటూ ఇటూ చూడలేదు. ఒకావిడ గొడుగు సగం బయటికి వేలాడుతూ పోయింది. తర్వాతి స్టేషన్‌లో వంకరపోయిన గొడుగు దొరికిందట.

మొదట నవ్వొచ్చింది. తర్వాత బండికి చెయ్యి చాపి "ఒరే బావా, మీ చెల్లెలు కులాసాయేనా?" అన్నాను. వెళ్లింది. ఆ తర్వాతి బండికి గోంగూరలో మెంతులు ఎన్ని వేయాలో చెప్పాను. అదీ వెళ్లింది. నేను చెయ్యి చాపి తెలుగులో ఏం కూసినా బావకి ఒకటే అర్థం: అంతా క్షేమం, పద.

ఇది పైవాళ్లకు చెప్పాలి. చెప్తే పక్క స్టేషన్ సుకిహరా మనిషి గొంతు దీనికి ఎక్కిస్తారు. ఆ తర్వాత ఇక్కడ నాకేం పని? చెప్పలేదు. ఈ పుస్తకంలో రాశాను కదా, చదువుకోమనండి.

ఫిబ్రవరి 6. మంచు తుంపర. 401. ఆలస్యం: 0.

ఏరియా మేనేజరు షిగెనో-సాన్ తెర మీదికొచ్చాడు. ముప్పై నాలుగేళ్ల కుర్రాడు, చొక్కా కాలర్ దగ్గర ఒక్క ముడతా ఉండదు. లైన్ మొత్తంలో ఆలస్యం లేని స్టేషన్ మాదేనట. ప్రశంసాపత్రం పంపించాడు.

"మీ గొంతు వినగానే యంత్రం తడబడదు బద్రో-సాన్. మిగతా స్టేషన్లలో నాలుగైదు సెకన్లు ఆలోచిస్తుంది. అందుకని ఏప్రిల్ ఒకటి నుంచి మీ గొంతు నేర్పిన పాఠాన్నే లైన్లో మిగిలిన పద్నాలుగు స్టేషన్లకూ ఇస్తున్నాం."

"అన్నిటికీనా?"

"గర్వంగా ఉండాలి మీకు."

నిజం చెప్తే, అరపూట గర్వంగానే ఉంది. సాయంత్రానికి లెక్క తట్టింది. పద్నాలుగు ప్లాట్‌ఫారాల మీద ఎవడు చెయ్యి చాపి ఏం కేకేసినా, "ఆగు" అన్నా, "మనిషి ఉన్నాడు" అన్నా, బండి కదులుతుంది.

ఫిబ్రవరి 14. ఎండ. 405. ఆలస్యం: 41 సెకన్లు.

మూడు రోజులుగా బావకి కొత్త పాఠం చెప్తున్నాను. తిట్లు మానేసి, కుసునోకి-సాన్ నేర్పినట్టు శుభ్రమైన జపనీసులో: ఎడమ యోషి, కుడి యోషి, తలుపులు యోషి. బండి కదలదు. నా నోట ఆ మాట అది ఎప్పుడూ అలా విని ఎరగదు, ఏదో తేడా వచ్చిందని బిగుసుకుపోతుంది. చివరికి "నీ మొహం మండ" అంటే అప్పుడు కదిలింది. కదలడానికి తిట్టు, ఆగడానికి సరైన మాట. మా ఇద్దరి కాపురం ఇలా తగలడింది.

షిగెనో-సాన్ వెంటనే తెర మీదికి. "ఒంట్లో బాగోలేదా? మీ మామూలు పద్ధతిలోనే అనండి."

సరే అన్నాను. కాకపోతే ఒకటి సాధన చేస్తున్నాను. ప్రమాదం వస్తే అరవకూడదు, చెయ్యి చాపకూడదు. చేతులు కట్టుకుని, నెమ్మదిగా, జపనీసులో "తలుపులు, యోషి" అనాలి. అప్పుడే ఆగుతుంది. బండిని ఆపే ఎర్ర బటన్ స్తంభానికి ఉంది గానీ నేను నిలబడే చోటికి పద్దెనిమిది అడుగులు. పొద్దున్న పళ్లు తోముకుంటూ అద్దంలో చూసుకుని పదిసార్లు అన్నాను. బాగానే వచ్చింది.

ఫిబ్రవరి 27. ఎండ. 396. బయల్దేరడంలో ఆలస్యం: 0 సెకన్లు.

ఉదయం 7.12 బండి. మూడో పెట్టె, రెండో తలుపు. ఎవరిదో సంచి పట్టీ బయటికి వేలాడింది. నేను ఇంకా ఎడమవైపు చూస్తున్నాను. కుసునోకి-సాన్ చూసింది. చీపురు కింద పెట్టి, పట్టీ లోపలికి తోయడానికి చెయ్యి పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్లు తోసిన చెయ్యి. తలుపు మణికట్టు మీద మూసుకుంది. ఆవిడ మణికట్టు గొడుగు కర్రంతే ఉంటుంది.

నేను చూశాను. చెయ్యి చాపాను. అరిచాను.

"ఆపరా బావా! నీ దుంపతెగ, ఆపు! ఆవిడ చెయ్యిరా!"

వేలు నిటారుగా ఉంది. కన్ను ఆవిడ మీదే ఉంది. గొంతు ఊరంతా వినపడింది. బండి బయల్దేరింది.

ఎర్ర బటన్ దగ్గరికి నేను చేరేసరికి పదకొండు మీటర్లు వెళ్లింది.

తర్వాతి బండ్లు ఆగిపోయినా ఆలస్యంలోకి రావట. ప్రమాదానికి వేరే ఫారం ఉందట.

మార్చి 5. వాన. 388. ఆలస్యం: 0.

బతికింది. కుడిచెయ్యి మోచేతి దగ్గరనుంచి తీసేశారు.

విచారణకి నన్ను మహానగరానికి రమ్మన్నారు. బల్లకి అవతల షిగెనో-సాన్, ఇంకా ఇద్దరు. నా కేక వినిపించారు. అనువాద యంత్రం దాన్ని జపనీసులో రాసి తెర మీద పెట్టింది. "బావమరిదీ నిలుపుము, నీ కందమూలము ఖండింపబడుగాక." ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది వ్యవసాయానికి సంబంధించిన మాటా?"

ఎప్పుడైనా అయితే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

షిగెనో-సాన్ కాగితం తీశాడు. "బాధితురాలి వాంగ్మూలం ఉందండి. ఇది ఈయన దేశపు రైల్వే భద్రతా పిలుపు, అందరి క్షేమం కోరే ప్రార్థన, తను కూడా ఆరేళ్లుగా ఇంట్లో వాడుతున్నానని రాశారు. ఈయన పిలుపు సక్రమం, యంత్రం విన్నదీ సక్రమం, పసుపు గీత దాటింది తన చెయ్యి అని ఒప్పుకున్నారు."

"‘నిలుపుము’ అని ఉంది కదా?" అన్నాడు కళ్లజోడాయన.

"ఈయన పిలుపులో రకరకాల మాటలు ఉంటాయండి. వాటికి ప్రతిసారీ బండి క్షేమంగానే వెళ్లింది." ఇటు తిరిగాడు. "అంతేనా బద్రో-సాన్?"

నేను తల ఊపాను. ఊపిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఎవరూ చదవకపోయినా రాస్తున్నాను.

ప్రమాదం జరిగిన రోజు నుంచి బండ్లని తిట్టి పంపించడంలేదు. చెయ్యి చాపి ఎక్కాలు చెప్తున్నాను. రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు. వెళ్తున్నాయి.

మార్చి 12. ఎండ. 391. ఆలస్యం: 0.

బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. నాలుగు మంచాల గది. కిటికీ పక్క మంచం ఆవిడది. నేను గుమ్మంలో ఉండగానే ఒక నర్సు సెలైన్ సీసా వైపు వేలు చాపి "నీ తుంపతేగా, యోషి!" అంది. రెండో నర్సు మందుల బండి వైపు చాపి "నీ జిమ్మతా, యోషి!"

కుసునోకి-సాన్ పడుకునే సరిదిద్దుతోంది. "తుంప కాదు. దుంప. నోరు నిండుగా అనాలి." నన్ను చూసి కళ్లు వెలిగాయి. "ఈయనే! అసలు గురువు ఈయనే. ఒక్కసారి వీళ్లకి అని వినిపించండి బద్రో-సాన్. మందు తప్పు జరక్కుండా ఈ అంతస్తులో అందరికీ నేర్పుతున్నాను."

నర్సులు ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను మంచం పక్క స్టూలు మీద కూర్చుని బత్తాయిల సంచి ఒళ్లో పెట్టుకున్నాను. తర్వాత వింటామని వాళ్లు వెళ్లారు.

"నన్ను క్షమించండి," అంది ఆవిడ. "మీ పిలుపు సరిగ్గానే ఉంది, నా చెయ్యే అడ్డం వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లలో ఎంతమందికి చెప్పాను, గీత దాటొద్దని."

ఇంక కూర్చోలేకపోయాను. లేచి నిలబడి చెప్పేశాను. "అది ప్రార్థన కాదండి. తిట్టు. నీ దుంపతెగ అంటే నువ్వు వేళ్లతో సహా నాశనమైపో అని. మిగతా రెండూ అలాంటివే. మా దేశంలో రైల్వేవాళ్లు అలా అనరు. నేను సరదాకి అన్నాను. యంత్రం అదే నేర్చుకుంది. ఆ రోజు ఆపమనే అరిచాను, అది పొమ్మనుకుంది. నాకు ముందే తెలుసు. నెల ముందే తెలుసు."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. మా బ్లాకుల అంకెలు కనిపిస్తున్నాయి.

"మూడు మాటలూనా?"

"మూడూ."

"మొదటిరోజు నుంచా?"

"మూడో వారం నుంచి."

"నా పొయ్యికి రోజూ అన్నాను," అంది. "మా ఆయన ఫొటోకి కూడా అన్నాను, తలుపు వేసేటప్పుడు."



ఆవిడ ఎడమచెయ్యి దుప్పట్లోంచి బయటికి తీసింది. మెల్లగా నిటారుగా చాపింది, అలవాటు లేని చెయ్యి. వేలు గుమ్మం వైపు పెట్టింది.

"తలుపు, తెరిచి ఉంది," అంది. "దారి, ఎవరూ లేరు. యోషి."

నేను బయటికి వచ్చేశాను. బత్తాయిలు నా చేతిలోనే ఉండిపోయాయి.

మార్చి 14. మబ్బు. 390. ఆలస్యం: 0.

షిగెనో-సాన్‌ని తెర మీదికి పిలిచి మొత్తం కక్కేశాను. ఒక్కసారి కూడా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"కష్టం బద్రో-సాన్. విచారణ ముగిసింది, ఈ ఏడాది ఫైళ్లు మూశారు. ఇప్పుడు మీరు చెప్పింది వచ్చే ఏడాది ఫైల్లో పెట్టాలి."

"ఏప్రిల్ ఒకటిన పద్నాలుగు స్టేషన్లకి ఎక్కిస్తున్నారు కదండీ! ఇంకో చెయ్యి పోతే?"

"పాఠం ఎక్కించడం ఆపడానికి దాని ఫారంలో ఒకటే గడి ఉంది. ఆఖరి ఏడు రోజుల ఆలస్యం. అది సున్నా దగ్గర ఉంటే పాఠం దానంతట అదే వెళ్లిపోతుంది, నా చేతిలో కూడా లేదు." తలవంచాడు. "మీరు అలిసిపోయారు."

ఆఖరి ఏడు రోజులు. ఇరవై ఐదు నుంచి ముప్పై ఒకటి.

మార్చి 25. ఎండ. 394. ఆలస్యం: 1,310 సెకన్లు.

ఎడమ, యోషి. కుడి, యోషి. తలుపులు, యోషి. జపనీసులో, శుభ్రంగా. బావ కొయ్యబారిపోయాడు. ఒక్కో బండి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. చివరికి మహానగరంలో ఎవరో మనిషి లేచి వచ్చి చేత్తో మీట నొక్కితే కదిలేది.

ఈ దేశంలో బండి ఆలస్యమైతే స్టేషన్‌లో ఒక చీటీ ఇవ్వాలి, ఆఫీసులో చూపించడానికి. మా స్టేషన్‌లో ఆరేళ్లుగా ఆ చీటీ ఎవరూ చూడలేదు. బీరువాలో పసుపుపచ్చగా మారిన కట్ట తీసి, ముద్ర కొట్టి, ఒక్కొక్కరికీ రెండు చేతులతో ఇచ్చాను. చీటీలో కారణం రాయాలి. ‘గొంతు’ అని రాశాను.

"ఎన్నేళ్లు చూశాను మిమ్మల్ని!" అని బ్రీఫ్‌కేసాయన ఒకడు చీటీ నా మొహం మీదికి విసిరాడు. "ఒక్క మాట అంటే పోయేది కదా బండి! ఆ మాట అనండి!"

"అననండి."

మార్చి 28. వాన. 371. ఆలస్యం: 2,460 సెకన్లు.

షిగెనో-సాన్ రోజుకి ఆరుసార్లు తెర మీదికి వస్తున్నాడు. నిన్న బతిమాలాడు. ఇవాళ అరిచాడు. కాలర్ దగ్గర ముడత పడింది. తెర మీద తడిగుడ్డ ఆరేశాను.

మార్చి 31. ఎండ. 377. ఆలస్యం: 2,905 సెకన్లు, ఇప్పటిదాకా.

మధ్యాహ్నం కాగితం వచ్చింది. మిసాగోదై గొంతు పాఠం ఇతర స్టేషన్లకు ఇవ్వడం నిలిపివేయడమైనది. కారణం: ఆలస్యం. మిసాగోదైలో కూడా తొలగించడమైనది. రేపటి నుంచి సుకిహరా మనిషి గొంతు. నా గది సాయంత్రంలోగా ఖాళీ చేయాలి.

కుసునోకి-సాన్ చెయ్యి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆఖరి డ్యూటీ ఐదింటి బండి. ఇంక తిట్టి పంపించినా అడిగేవాడు లేడు. ఊరి లౌడ్‌స్పీకర్లలో రోజూ వేసే ఐదు గంటల పాట మోగింది. గేటు దగ్గర కుసునోకి-సాన్ నిలబడి ఉంది. కుడి చొక్కాచెయ్యి మడిచి పిన్ను పెట్టుకుంది. నన్ను చూడలేదు, బండిని చూస్తోంది. వచ్చి పసుపు గీతకి ఇవతల, రెండడుగుల దూరంలో ఆగింది.

చెయ్యి చాపాను. "ఎడమ, యోషి."

"వేలు వంగింది," అంది, నా వైపు తిరక్కుండానే.

సరిచేశాను. "ఎడమ, యోషి." చూశాను. నిజంగానే చూశాను. ఎవరూ లేరు.

"కుడి, యోషి."

లోపల జనం గడియారాలు చూసుకుంటున్నారు. ఖాళీ ఇళ్ల దీపాలు వెలగడానికి ఇంకా అరగంట ఉంది. బ్లాకులన్నీ చీకటి కిటికీలతో నిలబడి ఉన్నాయి. బండి కదల్లేదు.

ఆవిడ ఎడమచెయ్యి నా ముందుకి చాపింది. ఎక్కడికీ వెళ్లే మనిషి కాదు, అయినా చాపింది. కట్టలోంచి ఒక చీటీ చింపి, ముద్ర కొట్టి ఇచ్చాను. కారణం అన్న చోట ముందే రాసి ఉంచిన ‘గొంతు’ కొట్టేసి నా పేరు రాశాను, పూర్తి పేరు. ఆవిడ చదివి, నాలుగు మడతలు పెట్టి, ఆ చిన్న పుస్తకంలో పెట్టుకుంది.

"తలుపులు," అన్నాను. ఒక్కొక్క తలుపే చూసుకుంటూ పోయాను. పదహారు తలుపులు. పట్టీ లేదు, గొడుగు లేదు, చెయ్యి లేదు.

"యోషి."

బండి అలాగే నిలబడి ఉంది.